కెరటాల్లో మాలిమి చేసిన గుర్రం

నిన్న సాయంత్రం మా వీధిలోకి పెళ్ళి ఊరేగింపు వచ్చింది. రాజాంలో నేను అద్దెకుంటున్న గది రోడ్డు వైపుకే ఉంటుంది. డప్పుల మోత దగ్గరవుతుంటే కిటికీలోంచి చూశాను. పెళ్ళికొడుకు తెల్లగుర్రం మీద కూర్చున్నాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. నేను గుర్రం చెవుల్ని చూశాను. అవి వెనక్కి అతుక్కుపోయి ఉన్నాయి. వెంటనే కిటికీ మూసేశాను. మూసినా వాసన లోపలికి వచ్చేసింది. చెమట, తడిగోనె, నానిన ఉలవలు కలిసిన వాసన. మంచం మీద కూలబడ్డాను.

నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. చెప్పాలనిపించినవన్నీ డైరీలో రాసుకుంటాను. ఆ గుర్రం గురించి మాత్రం ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు. రాస్తే మళ్ళీ దాని వీపు మీద కూర్చోవలసి వస్తుందని భయం. ఇవాళ సెలవు. నిన్న రాత్రి ఎలాగూ నిద్ర పట్టలేదు కాబట్టి, ఆ పనేదో ఈ పొద్దున్నే చేసేద్దామని కూర్చున్నాను.

మా ఊరు భోగాపురానికి తూర్పున, ఇసుకదిబ్బల వెనక ఉండేది. ఉండేది అనే అనాలి. అప్పటి మా ఇంటి చోట ఇప్పుడు కెరటాలు విరుగుతున్నాయి. పెద్ద తుపాను వచ్చి వెళ్ళిన మరుసటి చలికాలం సంగతి ఇది. సరుగుడు తోపులో సగం చెట్లు నడుములు విరిగి పడి ఉండేవి. పడమటి పొలాల్లో విమానాశ్రయం కోసం సర్వే రాళ్ళు పాతుతున్నారు. మా నాన్నను కన్నతల్లిని మామ్మ అని పిలిచేదాన్ని. వలలు బాగుచేసుకునే ముసలివాళ్ళ మధ్య కూర్చుని ఆమె రోజూ అదే బాధ పడేది.

"నెత్తి మీంచి ఇమానాలు ఎల్తే సేపలు బెదిరిపోవేటి?"

"సేపలకి నెత్తెక్కడున్నాదే? నీకే సరిగా నేదు" అనేవాడు ఒక ముసలాయన.

నాన్న గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళి ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే ఉండేవాడు. అమ్మ చీకటితోనే చేపల గంప ఎత్తుకుని ఆటోలో బజారుకు వెళ్ళిపోయేది. పగలంతా ఇంట్లో మామ్మ, నేను, నాన్న తమ్ముడు. ఆయన్ను చిన్నాన్న అనేదాన్ని. అప్పటికి ఆయనకు పెళ్ళి కాలేదు.

నేను పుట్టు పిరికిదాన్ని. కుక్కంటే భయం, ఉరుమంటే భయం, బడిలో హాజరు పిలిచినప్పుడు గొంతెత్తి పలకాలంటే భయం. పుస్తకాలంటే మాత్రం ప్రాణం. బడి బీరువాలోంచి తెచ్చుకున్న కథల పుస్తకాన్ని ఎండుచేపల గంప కింద దాచుకుని, ఇంటి వెనక కూర్చుని చదివేదాన్ని. తిరిగిచ్చేటప్పుడు టీచరమ్మ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ముక్కు అటు తిప్పుకుని బీరువాలో పెట్టేది. ఆ బీరువాలో నేను చదివిన పుస్తకాలేవో కళ్ళు మూసుకుని కూడా చెప్పొచ్చు.

చిన్నాన్నకు భయమనేది ఉంటుందని నాకు తుపాను ఏడాది దాకా తెలియదు. ఆ వేసవిలో ఆయనా, ఆయన స్నేహితుడూ వేటకు వెళ్ళిన తెప్ప సముద్రంలో తిరగబడింది. మర్నాడు చిన్నాన్న ఒక్కడే తెప్ప దుంగను కరుచుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. స్నేహితుడు రాలేదు. అప్పట్నుంచీ చిన్నాన్న సముద్రంలో కాలు పెట్టలేదు. ఇసుక ఎక్కడ తడిగా మొదలవుతుందో అక్కడ, ఎవరో గీత గీసినట్టు ఆగిపోయేవాడు. నూతి దగ్గర స్నానం చేసినా నెత్తి మీద నీళ్ళు కళ్ళు తెరుచుకునే పోసుకునేవాడు. మూస్తే మళ్ళీ ఆ నీళ్ళలోకే వెళ్ళిపోతాడేమో.

జాలరి ఇంట్లో వయసు మగాడు వేటకు వెళ్ళకపోతే ఎన్నాళ్ళని ఊరుకుంటారు? రొయ్యల చెరువు కాపలాకు వెళ్ళాడు. చెరువూ నీళ్ళే కదా, వారం తిరక్కుండా వచ్చేశాడు. అప్పుడే ఏదో పెళ్ళిలో ఊరేగింపు గుర్రాన్ని చూసి ఈ ఆలోచన తెచ్చుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికీ గుర్రం లేదు. ఒకటి ఉంటే పెళ్ళిళ్ళ కాలమంతా పనే. ఇక ఉప్పునీళ్ళతో అవసరం లేదు.

సాలూరు అవతల కొండల్లో పసుపు మూటలు, అల్లం మూటలు సంతకు మోసుకొచ్చే పొట్టి గుర్రాలుంటాయి. అక్కణ్ణుంచి ఒక ఆడగుర్రాన్ని మినీ వ్యానులో ఎక్కించుకొచ్చాడు. ఎర్రమట్టి రంగు. ఇంకా దాని మీద ఎవరూ మూట కూడా వేయలేదట. కొండ మీద ఇష్టం వచ్చినట్టు మేసి తిరిగిన పిల్ల. వ్యాను తలుపు తియ్యగానే అది గాల్లోకి దూకి, తాడుతో సహా చిన్నాన్నను ఈడ్చుకుంటూ వెళ్ళి, నెత్తళ్ళ చేపలు ఆరబెట్టిన పందిరిని కూల్చింది. చూడ్డానికి వచ్చిన జనం తలో దిక్కూ పరుగెత్తారు. నేను ఇంట్లోకి దూరి తలుపు గడియ పెట్టుకున్నాను. తలుపు సందులోంచి దాని కన్ను కనిపించింది. నల్లగుడ్డు చుట్టూ తెల్లగా, ఇంత పెద్దగా ఉంది.

"ఒరే, ఇది గుర్రమా గాడిదా?" అంది మామ్మ, ఇసుకలో పడ్డ నెత్తళ్ళు ఏరుకుంటూ. "పెల్లికొడుకు కాల్లు నేల మీద ఈడుస్తాడ్రా."

"పొట్టిదే గాని గట్టిదమ్మా. సూడు దాని సాతీ" అన్నాడు చిన్నాన్న, మోచేతి నెత్తురు తుడుచుకుంటూ.

పాత వలలతో ఇంటి వెనక దడి కట్టి దాన్ని అందులో ఉంచారు. రోజూ దానికి ఉలవలు ఉడికించేవాళ్ళు. ఉడికిన ఉలవలు గుర్రానికి, ఆ నీళ్ళతో కాచిన చారు మాకు. చేపల పులుసు లేకపోతే ముద్ద దిగని ఇంట్లో రోజూ ఉలవచారు. "గుర్రం తినీసిందే మనకి పెడతన్నారు, ఇంకొన్నాల్లకి గడ్డి పెడతారు" అని అమ్మ గొణిగేది.

చిన్నాన్న దాని మీదకు ఎక్కడానికి చేసిన ప్రయత్నాలు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. గోనె వేసేలోపే వెనక్కాళ్ళు లేచేవి. ఒకసారి ఎలాగో ఎక్కాడు. కళ్ళు మూసి తెరిచేలోపు దడి అవతల పడ్డాడు. లేచి వచ్చి, పొయ్యి కోసం తెచ్చిన సరుగుడు కొమ్మ అందుకున్నాడు. గుర్రం మూలకు నక్కి వణుకుతోంది. మామ్మ వెళ్ళి ఆ కొమ్మ పట్టుకుంది.

"కొడితే ఇంకా బయపడతాదిరా."

"మరేటి సెయ్యమంటావు? బుజ్జగించమంటావా?"

"నువ్వూ బయపడినావు. నిన్నెవులైనా కొట్టేరేటి?"

చిన్నాన్న మొహం ఎలా అయిపోయిందో చెప్పలేను. కొమ్మ అక్కడే వదిలేసి దిబ్బల వైపు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే, చిన్నాన్న ఒకప్పుడు వేటకు వెళ్ళిన బోటు యజమాని మా ఇంటికొచ్చాడు. మంచివాడే. అరుగు మీద కూర్చుని టీ తాగి, "నీ సోటు ఇంకా ఎవులికీ ఇయ్యనేదురా" అన్నాడు. చిన్నాన్న తల దించుకుని కాసేపు ఇసుకలో వేలితో గీతలు గీశాడు. తర్వాత అన్నాడు, "మాగమాసం పెల్లిల్లకి ఈ గుర్రం మనిసిని ఎక్కించుకుంటే సరే. నేకపోతే నానే యేటకొచ్చెస్తాను, బాబూ. మాటిస్తన్నాను."

నేను తలుపు చాటున విన్నాను. నాకు రెండు భయాలుండేవి, గుర్రం ఒకటి, సముద్రం ఒకటి. ఆ మాటతో రెండూ ముడిపడిపోయాయి. ఆ గుర్రం లొంగకపోతే చిన్నాన్న వేటకు వెళ్తాడు. వెళ్తే ఈసారి తిరిగి రాడు. ఎందుకో అది నాకు ఖాయంగా అనిపించింది. ఆ రాత్రి నుంచి దేవుడికి దండం పెట్టుకున్నప్పుడల్లా గుర్రం గురించే పెట్టుకున్నాను.

ఉప్పు సంగతి కనిపెట్టింది మామ్మే. చేపలు ఉప్పు వేసి ఊరబెట్టే చెక్కల్ని గుర్రం గంటల తరబడి నాకుతోంది. "కొండల మీద దీనికి ఉప్పు ఎక్కడ దొరుకుతాది? ఉప్పంటే పేనం పెడతంది" అని, గుప్పెడు ఉప్పు నా చేతిలో పోసింది.

"నీ సెయ్యి సిన్నది. నువ్వు పెట్టు."

"నాకు బయం మామ్మా."

"దానికీ బయమే. ఇద్దరూ బయపడతా నిల్సోండి. ఎవులికి ముందు ఇసుగొస్తాదో సూద్దాం."

నిజంగానే అలా నిలబడ్డాం. దడి లోపల అది, బయట నేను. మొదటి రోజు అది ముక్కుతో బుస్సుమనేసరికి ఉప్పంతా నా పాదాల మీదే పోసుకుని పారిపోయాను. మర్నాడు కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాను. దాని పళ్ళు ఎంతుంటాయో నాకు తెలుసు. ఒక్కో వేలు తెగిపోయినట్టు ముందే ఊహించేసుకున్నాను. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత వెచ్చటి ఊపిరి మణికట్టు మీద తగిలింది. ఆ తర్వాత అరచేతిలో గరుకుగా, తడిగా నాలుక. నా మోకాళ్ళు ఆడిపోతున్నాయి. కళ్ళు తెరిస్తే దాని మోకాళ్ళూ ఆడుతున్నాయి.

అప్పట్నుంచి బడి నుంచి రాగానే అదే పని. ఉప్పు, దాంతో పాటు మామ్మ చూడకుండా దొంగిలించిన బెల్లం ముక్క. బెల్లంలో సగం నేను తినేదాన్ని. అది నాకుతుంటే దాని మెడ మీద చెయ్యి వేయడం, తర్వాత తడిపిన పాత వల ముక్కను వీపు మీద పరచడం, తర్వాత గోనె. కొత్తది ఏది వేసినా మొదట దాని ముందు పెట్టి వాసన చూడనిచ్చేవాళ్ళం. దులపరించి పడేస్తే తిట్టకుండా మళ్ళీ వేసేవాళ్ళం. కొన్నాళ్ళకు గోనె మోసింది. మనిషి బరువు పడితే మాత్రం మళ్ళీ అదే గంతు. చిన్నాన్న రెండుసార్లు పడ్డాడు. మాఘం దగ్గరకొచ్చేస్తోంది.

"సందరంలోకి దించుదాం" అంది మామ్మ ఒక రోజు. "ఇసుక మీద ఎగిరితే ఆకాసానికి ఎగుర్తాది. నడుం లోతు నీల్లలో ఎంతని ఎగుర్తాది? పడినా దెబ్బ తగల్దు."

చిన్నాన్న మొహం తెల్లబోయింది. "నాను దిగనమ్మా."

"నిన్ను దిగమన్నదెవులు? నాను పట్టుకుంటాను. గుంట ఎక్కుతాది. తేలిగ్గున్నాది."

గుంట అంటే నేనే. మా వైపు ఆడపిల్లను అలాగే అంటారు. అమ్మ గొడవ చేస్తుందనుకున్నాను. అమ్మ నా మొహం వంకా, తడిగీత దగ్గర నిలబడ్డ చిన్నాన్న వంకా చూసి, నా జడ గట్టిగా బిగించి కట్టింది. అంతే.

మామ్మ చీర గోచీ పోసి కట్టి, తాడు చేతికి చుట్టుకుని, చంటిపిల్లను నడిపించినట్టు గుర్రాన్ని నీళ్ళలోకి నడిపించింది. మొదటి కెరటానికి అది వెనక్కి తిరిగింది. నేను ఉప్పు చూపించాను. రెండో కెరటానికి ఆగింది. మా తీరంలో ఇసుక మెల్లగా లోతవుతుంది. నీళ్ళు దాని పొట్టను తాకినప్పుడు మామ్మ ఒక చేత్తో నన్ను ఎత్తి దాని వీపు మీద వేసింది.

నా కింద దాని ఒళ్ళంతా వణుకుతోంది. నేనూ వణుకుతున్నాను. ఎవరి వణుకు ఎక్కడ ఆగి ఎవరిది ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు. ముందు నుంచి కెరటం గోడలా వస్తోంది. ఆ గోడలోంచి చిన్నాన్న స్నేహితుడు చెయ్యి చాస్తాడేమోనని ఒక పిచ్చి భయం పట్టుకుంది.

"కాల్లు బిగించకే! బిగిస్తే నీ బయం దానికి తెలుస్తాది. ఏదో ఒకటి మాటాడు దాంతోటి" అని అరిచింది మామ్మ.

ఏం మాట్లాడాలో తోచక పన్నెండో ఎక్కం మొదలుపెట్టాను. బడిలో హాజరు పలకడానికి రాని గొంతు అక్కడ పైకే వచ్చింది. కెరటం మమ్మల్ని కొంచెం ఎత్తి మళ్ళీ దించింది. గుర్రం గంతెయ్యబోయింది. నీళ్ళు దాన్ని పట్టుకున్నాయి. ఎక్కం సగానికి వచ్చేసరికి అది పెద్దగా ఒక ఊపిరి వదిలింది. తల కిందకు దించింది. ఒడ్డు మీద చిన్నాన్న రెండు చేతులూ పైకెత్తి ఏదో అరుస్తున్నాడు. ఆయన కాళ్ళు మాత్రం పొడి ఇసుకలోనే ఉన్నాయి.

ఆ తర్వాత రోజూ దిగేవాళ్ళం. ఊరేగింపు గుర్రానికి డప్పులు, మందుగుండు అలవాటు కావాలి కదా. అదీ నీళ్ళలోనే చేశాం. నేను దాని మీద కూర్చుంటే, ఒడ్డున చిన్నాన్న కిరసనాయిలు డబ్బా వాయించేవాడు. మొదట ఒక్క దెబ్బ, అదీ దూరం నుంచి. అది చెవులు ముందుకు తిప్పి నిలబడితే ఇంకో దెబ్బ. తర్వాత వలల ముసలివాళ్ళు గరిటెలు, మూకుళ్ళు పట్టుకుని వచ్చారు. దీపావళికి మిగిలిన టపాకాయలు కూడా కాల్చారు. మోత మొదలవగానే గుర్రం తనంతట తాను ఇంకో రెండడుగులు లోపలికి వెళ్ళి, ఛాతీ లోతులో రాయిలా నిలబడేది. మోత ఆగాక నేను ఉప్పు నాకించి బయటికి తెచ్చేదాన్ని.

"సూసినావా, ఎంత బుద్దిమంతురాలో!" అని మురిసిపోయేది మామ్మ.

మాఘం వచ్చేసరికి తడి ఇసుక మీద చిన్నాన్నను కూడా ఎక్కించుకుని నెమ్మదిగా నడిచింది. ఆయన గుర్రం దిగి నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఆ రాత్రి చాలా కాలానికి నాకు హాయిగా నిద్ర పట్టింది.

మొదటి పెళ్ళి ఉత్తరాన ఉన్న ఒక రైతుల ఊళ్ళో. ఆ ఊరి చివరి వీధి దాటితే సరుగుడు తోపు, తోపు దాటితే సముద్రం. మధ్యాహ్నానికే చేరుకున్నాం. గుర్రానికి అద్దాల గుడ్డ, పూసల పట్టెడ వేశాం. నేను గౌను జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుని దాని పక్కనే నిలబడ్డాను. పెళ్ళికొడుకు బక్కపలచటి మనిషి. బాసికం సర్దుకుంటూ చిన్నాన్నను అడిగాడు.

"దీనికి బ్రేకుంటాదేటి?"

"నానే బ్రేకు బావా. కూకో."

ఎక్కాడు. గుర్రం కదల్లేదు. చిన్నాన్న నా వైపు చూసి కన్నుగీటాడు. అప్పుడు డప్పులు మొదలయ్యాయి.

దాని చెవులు చూశాను. బెదిరినట్టు వెనక్కి పోలేదు. ముందుకు తిరిగి, ఏదో వెతుకుతున్నట్టు అటూ ఇటూ కదిలాయి. మరుక్షణం అది తూర్పుకు తిరిగింది. పిచ్చిగా దూకలేదు. ఇంటికి ఆలస్యమైన మనిషిలా తల వంచుకుని పరుగందుకుంది. చిన్నాన్న చేతిలో పగ్గం బర్రున జారింది. పెళ్ళికొడుకు దాని జూలు పట్టుకుని "ఓలమ్మో" అని ఒక్కటే కేక. డప్పులవాళ్ళు ఇది కూడా ఊరేగింపే అనుకున్నారో ఏమో, వాయిస్తూనే వెంటపడ్డారు. వాళ్ళు వాయించేకొద్దీ అది ఇంకా వేగంగా పోయింది. సరుగుడు తోపులోంచి గుర్రం, దాని వెనక చిన్నాన్న, నేను, డప్పులు, పట్టుచీరల ఆడవాళ్ళు.

ఆ తీరం మా తీరం లాంటిది కాదు. తుపాను అక్కడి ఇసుకను లాక్కుపోయింది. ఒడ్డు దాటగానే లోతు. గుర్రం నేరుగా దిగిపోయి, మెడ దాకా మునిగి, అక్కడ నిలబడిపోయింది. కాదు, నిలబడాలని చూస్తోంది. కాళ్ళు అందడం లేదు. పెళ్ళికొడుకు నడుము పైకి మాత్రమే కనిపిస్తున్నాడు. "నాకు ఈత రాదు, నాకు ఈత రాదు" అని ఏడుస్తున్నాడు. రైతుల ఊరి జనం ఒడ్డున ఆగిపోయారు. డప్పులు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

నేను దిగాను. ధైర్యమని ఎవరైనా అనుకుంటారేమో, కాదు. అది మోత ఆగేదాకా కదలదని, నేను ఉప్పు పెడితే తప్ప బయటికి రాదని తెలుసు కాబట్టి దిగాను. వెనక్కి తిరిగి చూస్తే తడిగీత దగ్గర చిన్నాన్న. అప్పుడే కెరటం నా మీద విరిగింది. కాళ్ళ కింద నేల లేదు. ముక్కులో, నోట్లో, చెవుల్లో నీళ్ళు. ఏది పైనో ఏది కిందో తెలియని ఆ ఆకుపచ్చటి చీకటి నాకిప్పటికీ కలలోకి వస్తుంది. చచ్చిపోతున్నాననుకున్నాను. అమ్మ కట్టిన జడను ఎవరో పట్టి లాగారు.

చిన్నాన్న. పీకల దాకా నీళ్ళలో ఉన్నాడు. నన్ను చంకకెత్తుకున్నాడు. ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఆ చప్పుడు నా చెవిలో వినిపించింది. ఒడ్డు వైపు తిరిగి, ఎన్నడూ వినని గొంతుతో అరిచాడు.

"డప్పులు ఆపండ్రా! ఆపండి!"

ఆగాయి. కెరటాల చప్పుడు ఒక్కటే మిగిలింది. "ఈ కెరటం పోనీ... ఇది కూడా పోనీ... ఇప్పుడు!" అంటూ ఆయన నన్ను గుర్రం దగ్గరకు చేర్చాడు. జేబులో పొట్లం ఎప్పుడో కరిగిపోయింది. ఖాళీ అరచెయ్యి చాచాను. అది నాకింది. నా చెయ్యి, మొహం అన్నీ ఉప్పే కదా. చిన్నాన్న పగ్గం పట్టుకున్నాడు. ఆయన చంకలోంచే పన్నెండో ఎక్కం గొణుగుతూ నేను ముందు, వెనక అది. వెనక నుంచి వచ్చిన ఒక పెద్ద కెరటం నలుగురినీ ఒకేసారి ఒడ్డు మీదకు విసిరింది.

పెళ్ళికొడుకు ఇసుకలో బోర్లా పడి, తల ఎత్తి అడిగిన మొదటి మాట, "ముగూర్తం దాటిపోనాదా?"

"నేదు గాని, మంగళస్నానం మల్లీ అయిపోనాది" అన్నారెవరో. కొందరు నవ్వారు. పెళ్ళికొడుకు మేనమామ నవ్వలేదు. చిన్నాన్నను కొట్టబోతే పెళ్ళికొడుకే అడ్డం పడ్డాడు. పసుపు బట్టలు పిండుకుంటూ అతను పెళ్ళికి నడిచే వెళ్ళాడు.

ఇంటికొచ్చి మామ్మకు చెప్పాం. అంతా విని నుదురు కొట్టుకుంది. "మనం జాలరోల్లం. మనకి తెలిసిన సోటే నేర్పినాం. డప్పు మోగితే నీల్లలోకి ఎల్లి నిల్సోవాలని అది నేర్సుకున్నాది. దాని తప్పేటున్నాది?"

ఆ మాట ఊళ్ళన్నీ తిరిగింది. మరి ఏ పెళ్ళివాళ్ళూ పిలవలేదు. నేను మామ్మ కాళ్ళు పట్టుకున్నాను. మళ్ళీ నేర్పుదాం, ఈసారి మెట్ట మీద, ఊరి మధ్యలో. ఎన్నాళ్ళైనా నేను ఎక్కుతాను.

"నేర్పొచ్చే. వాడే ఒద్దంతన్నాడు."

మాఘం ఇంకా వెళ్ళనే లేదు. చిన్నాన్న ఒక తెల్లవారుజామున వల భుజాన వేసుకుని బయల్దేరాడు. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను.

"బయం పోయిందా చిన్నాన్నా?"

"నేదే." తడిగీత దాటి, మడమల దాకా నీళ్ళలో నిలబడి నా వైపు తిరిగాడు. కాళ్ళు వణకడం నాకు కనిపించింది. "అది పోతాదని ఇన్నాల్లూ ఒడ్డున కూకున్నాను. నిన్ను నీల్లలో సూసినప్పుడు తెలిసింది, అది పోదు. ఉండనీ. నాతోటే వస్తాది."

గుర్రాన్ని భీమిలి వైపు తీరంలో పిల్లల్ని ఎక్కించి తిప్పే ఒకాయన తీసుకెళ్ళాడు. అక్కడ డప్పులుండవు, కెరటాల అంచున నడవడమే పని. వ్యాను ఎక్కేటప్పుడు అది గంతులెయ్యలేదు. నా చెయ్యి నాకి ఎక్కేసింది. తర్వాత దాన్ని నేను చూడలేదు.

ఇప్పుడు అక్కడ ఇల్లు లేదు, మామ్మ లేదు. ఊళ్ళో సగం మంది రోడ్డు పక్క కాలనీకి వెళ్ళిపోయారు. వలల ముసలివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. చిన్నాన్నకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. వేట మానలేదు, ఇప్పటికీ రోజూ చీకటితోనే వెళ్తాడు. నేను పొందూరులో చదివినప్పుడూ, ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాకా, ఆయన వేటకు వెళ్ళేటప్పుడు ఎప్పుడూ చెప్పడు. ఒడ్డుకు చేరాక ఫోన్ చేస్తాడు. "వచ్చెసేనే" అంటాడు. నేను "సరే" అంటాను. మా ఇద్దరి మధ్యా అంతకు మించి మాటలుండవు. ఆ ఫోన్ రాకముందు నేను ఏ పనీ సరిగ్గా చేసుకోలేను. అన్నం కూడా తినలేను. ఆయనకూ అది తెలుసు.

మామూలుగా ఎనిమిదింటికల్లా చేసేస్తాడు. ఇంత రాసేసరికి పది దాటింది. ఫోన్ డైరీ పక్కనే పెట్టుకున్నాను. ఇంకా మోగలేదు.